కణాన్ని కొలుస్తూ చదవడం ఎలా: డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు

ఇంటర్మీడియట్‌లో బైపీసీ పూర్తి చేసి, విశాఖపట్నంలోని ఏదైనా డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటి విషయాల్లో చేరిన విద్యార్థికి కణం కొత్త సంగతి కాదు. కేంద్రకం, మైటోకాండ్రియా, గాల్జీ సంక్లిష్టం అని గీతలు లాగి పేర్లు రాయడం పాఠశాల రోజుల నుంచీ అలవాటే. డిగ్రీలో ప్రశ్నల తీరు మారుతుంది. ఎంత పరిమాణం, ఎంత గాఢత, ఎంత వేగం, ఎంత శక్తి అని అధ్యాపకులు అడగడం మొదలుపెట్టినప్పుడు, పేర్లు మాత్రమే కంఠస్థం చేసిన వారికి జవాబు దొరకదు. అందువల్ల ఇక్కడ చెప్పబోయే ప్రతి పనిలోనూ ఒక కొలతో, ఒక లెక్కో ఉంటుంది. వరుస కూడా పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించేది కాదు. పరిమాణం, నీరు, ప్రోటీన్, ఎంజైమ్, శక్తి, డీఎన్ఏ అనే క్రమంలో వెళితే ఒకదాని లెక్క తర్వాతి దానికి పనికి వస్తుందని నా అభిప్రాయం.

కావలసిన సామగ్రి పెద్దగా లేదు. కళాశాల ప్రయోగశాలలోని మామూలు సూక్ష్మదర్శిని, స్లైడ్లు, కవర్ స్లిప్పులు, అయోడిన్ ద్రావణం, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు, పూర్ణా మార్కెట్‌లోనో ఎంవీపీ కాలనీ రైతుబజారులోనో కొన్న ఎర్ర ఉల్లిపాయలు, ఉప్పు, అన్నం వార్చిన గంజి, ఒక సీసాడు సముద్రపు నీరు ఉంటే మొదలుపెట్టవచ్చు; మిగిలిన చిన్న వస్తువులు ఆయా పనుల్లోనే వస్తాయి. వీటితో పాటు గళ్ళ కాగితమున్న నోటుపుస్తకం ఒకటి విడిగా పెట్టుకోండి. చూసినది చూసినట్టు, కొలిచినది కొలిచినట్టు, తేదీతో సహా అందులోనే రాయండి; రికార్డు పుస్తకంలోకి ఎక్కించే శుభ్రమైన ప్రతి తర్వాతి సంగతి.

మొదటి పని: దృశ్యక్షేత్రాన్ని కొలవడం

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న వారిలో ఎక్కువమంది నేరుగా 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కు వెళ్ళిపోతారు. మీరు అలా చేయకుండా, 4 రెట్ల ఆబ్జెక్టివ్ కింద ప్లాస్టిక్ స్కేలును ఉంచి, కనిపించే గుండ్రటి వెలుగు ఒక అంచు నుంచి మరో అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో లెక్కపెట్టండి. చాలా పరికరాల్లో అది 4.5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆబ్జెక్టివ్ శక్తి ఎన్ని రెట్లు పెరిగితే క్షేత్రం వ్యాసం అన్ని రెట్లు తగ్గుతుంది కాబట్టి, 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో అదే వ్యాసం 1.8 మిల్లీమీటర్లు, 40 రెట్ల దానితో 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రోమీటర్లు అవుతుంది. మీ పరికరానికి వచ్చిన ఈ మూడు అంకెలను నోటుపుస్తకం అట్ట లోపలి వైపున రాసి పెట్టుకోండి, సంవత్సరమంతా అవసరపడతాయి.

ఇప్పుడు ఉల్లిపాయ రేకు లోపలి వైపున ఉండే పల్చటి పొరను చిమటాతో తీసి, నీటి చుక్కలో పరిచి, అయోడిన్ చుక్క వేసి 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో చూడండి. కణాలు పొడవు దిశలో వరుసగా ఆరు పట్టాయనుకుంటే, 1,800ని 6తో భాగిస్తే ఒక్కో కణం పొడవు 300 మైక్రోమీటర్లు. తర్వాత శుభ్రమైన పుల్లతో మీ బుగ్గ లోపలి గోడను మెల్లగా గీకి, మిథిలీన్ బ్లూ వేసి 40 రెట్ల దానితో చూస్తే, ఒక్కో కణం 50 నుంచి 60 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. ఎర్ర రక్తకణం 7 నుంచి 8, ఎషరీషియా కోలై అనే బాక్టీరియా పొడవు సుమారు 2, మైటోకాండ్రియా మందం 0.5 నుంచి 1 మైక్రోమీటర్ వరకు అని ఆ పక్కనే రాయండి. కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపగలిగే కనీస దూరం సుమారు 0.2 మైక్రోమీటర్లు, 7 లేదా 8 నానోమీటర్ల మందమున్న ప్లాస్మా త్వచం, 20 నుంచి 30 నానోమీటర్ల రైబోజోమ్ ఆ హద్దుకు ఎంతో కిందనే ఉండిపోతాయి. ఉల్లిపొర స్లైడు చూసి రికార్డులో రైబోజోములు గీసే విద్యార్థులు ప్రతి ఏటా కనిపిస్తారు. చూడనిది గీయవద్దు.

కొలతలు చేతికి వచ్చాక కణాలు ఎందుకు చిన్నవిగా ఉంటాయన్న ప్రశ్నకు మీరే జవాబు కట్టవచ్చు. నీటిలో గ్లూకోజ్ వంటి చిన్న అణువు వ్యాపన గుణకాన్ని సెకనుకు సుమారు 500 చదరపు మైక్రోమీటర్లుగా తీసుకుని, ప్రయాణించవలసిన దూరపు వర్గాన్ని ఆ గుణకానికి రెట్టింపుతో భాగిస్తే పట్టే సమయం వస్తుంది. 1 మైక్రోమీటర్ దూరానికి సెకనులో వెయ్యో వంతు, 10 మైక్రోమీటర్లకు సెకనులో పదో వంతు, 1 మిల్లీమీటరుకు 1,000 సెకన్లు, 1 సెంటీమీటరుకు లక్ష సెకన్లు, అంటే ఒక రోజు దాటిన సమయం. దూరం పదింతలైతే సమయం నూరింతలవుతుందన్న ఈ ఒక్క సంబంధం వల్లనే మనకు గుండె, రక్తనాళాలు అవసరమయ్యాయి. ఉల్లి కణం అంత పొడవుండీ బతకగలగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: మధ్య భాగమంతా రిక్తిక, అంటే రసంతో నిండిన పెద్ద సంచి, ఆక్రమించడంతో జీవద్రవ్యం పల్చటి పొరలా గోడ పక్కకు చేరి, అక్కడ నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది. ఆ ప్రవాహాన్ని కంటితో చూడాలంటే అక్వేరియం దుకాణంలో దొరికే హైడ్రిల్లా కొమ్మ నుంచి లేత ఆకును తీసుకుని, నీటి చుక్కలో ఉంచి, మధ్య ఈనె దగ్గరి కణాలను కొన్ని నిమిషాలు ఓపికగా గమనించండి. పచ్చటి హరితరేణువులు వరుసగా కదిలిపోతాయి.

రెండో పని: సముద్రపు నీటితో త్వచాన్ని పరీక్షించడం

త్వచం సూక్ష్మదర్శినిలో కనిపించదని ఇప్పుడే చెప్పుకున్నాం. అయితే అది ఉన్నదనీ, నీటిని వదిలి ఉప్పును ఆపుతుందనీ నిరూపించడానికి విశాఖ విద్యార్థికి సముద్రమే అందుబాటులో ఉంది. ఆర్కే బీచ్‌లోనో రుషికొండ దగ్గరో ఒక సీసాడు నీళ్ళు పట్టుకోండి. అలల్లోకి దిగకుండా ఒడ్డున పట్టుకోండి, లేదా జాలారిపేట వైపు పడవల వారిని అడిగి తెప్పించుకోండి, ఎందుకంటే ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఈత వచ్చిన వారిని కూడా తీసుకుపోయాయి. మురుగు కలిసే చోటును వదిలిపెట్టి, తెచ్చిన నీటిని గుడ్డతో వడకట్టండి.

ఈ పనికి ఉల్లి రేకు లోపలి పొర పనికిరాదు. బయటి వైపున ఊదా రంగు గల పొర కావాలి, ఎందుకంటే ఆంథోసయనిన్ అనే ఆ రంగు రిక్తికలో కరిగి ఉండి, వేరే రంజనం అవసరం లేకుండానే జరిగేదంతా చూపిస్తుంది. ఆ పొర అంత సులువుగా ఊడిరాదు. రేకును వెనక్కి వంచి విరిచి, అంచున వేలాడే పల్చటి ముక్కను చిమటాతో లాగాలి. దాన్ని మంచినీటి చుక్కలో పెట్టి చూస్తే రంగు కణమంతా పరుచుకుని ఉంటుంది. ఇప్పుడు కవర్ స్లిప్ ఒక అంచున సముద్రపు నీటి చుక్క వేసి, ఎదుటి అంచున వడపోత కాగితం ముక్కను ఆనించి మంచినీటిని బయటికి లాగండి. కొద్ది నిమిషాల్లో రంగు గోడ నుంచి విడిపోయి, చిక్కబడి, కణం మధ్యకు ముడుచుకుంటుంది. దీన్నే ప్లాస్మాలిసిస్ అంటారు. గోడకూ, ముడుచుకున్న రంగుకూ మధ్య ఏర్పడిన ఖాళీలో ఏముంటుందని మౌఖిక పరీక్షలో తప్పకుండా అడుగుతారు. అక్కడ ఉండేది ఉప్పునీరే. కణకవచం, అంటే ఆ గోడ, ఉప్పును ఆపలేదు, ఆపినది దాని లోపలి త్వచం. వెంటనే మంచినీటిని మళ్ళీ, నెమ్మదిగా లాగితే చాలా కణాలు తిరిగి నిండుతాయి. గంటసేపు ఉప్పునీటిలో వదిలేసిన పొర అలా కోలుకోకపోవచ్చు. త్వచానికి ఉన్న ఈ ఎంపిక గుణం బతికి ఉన్న కణానికే ఉంటుందని చూపడానికి, మరిగే నీటిలో ముంచి తీసిన పొరతో ఇదే ప్రయోగం చేసి పోల్చండి.

ఇంతవరకు చూడటం, ఇక కొలవడం. 100 మిల్లీలీటర్ల నీటికి అర గ్రాము, 1 గ్రాము, 1.5 గ్రాములు, 2 గ్రాములు, 3 గ్రాములు చొప్పున ఉప్పు తూచి కలిపిన ద్రావణాలను సిద్ధం చేసి, ఒక్కోదానిలో ఒక్కో పొరను పది నిమిషాలు ఉంచి, ప్రతి పొరలోనూ యాభై కణాలు లెక్కపెట్టి, వాటిలో ఎన్నింటిలో త్వచం గోడను విడిచిందో రాయండి. గాఢతను అడ్డంగా, శాతాన్ని నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే, సగం కణాలు ముడుచుకునే గాఢత తెలుస్తుంది. ఆ బిందువు దగ్గర బయటి ద్రావణానికీ కణరసానికీ ద్రవాభిసరణ పీడనం సమానం. ఉదాహరణకు అది 100 మిల్లీలీటర్లకు 1 గ్రాము దగ్గర వచ్చిందనుకుందాం. లీటరుకు 10 గ్రాములను 58.5తో భాగిస్తే 0.171 మోలార్, సోడియం, క్లోరైడ్ విడిపోతాయి కాబట్టి రెట్టింపు చేస్తే 0.342. దీన్ని వాయు స్థిరాంకమైన 0.083తోనూ, విశాఖ గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలకు సమానమైన 300 కెల్విన్‌తోనూ గుణిస్తే దాదాపు 8.5 బార్లు వస్తుంది. కారు టైరులో ఉండే గాలి పీడనానికి ఇది సుమారు నాలుగు రెట్లు. మంచినీటిలో ఉన్న ఉల్లికణం గోడ దాదాపు అంత ఒత్తిడిని మోస్తుంది. గోడ లేని జంతుకణాన్ని అదే నీటిలో వేస్తే పగిలిపోవడానికీ, ఆసుపత్రిలో నరాలకు ఎక్కించే సెలైన్ 0.9 శాతమే ఉండడానికీ కారణం ఇదే.

ఇక తెచ్చిన సముద్రపు నీటిని కూడా మంచినీటితో రకరకాల పాళ్ళలో పలుచన చేసి, సగం కణాలు ముడుచుకునే పాలు ఏదో కనుక్కోండి. వందలో 30 పాళ్ళ సముద్రపు నీరు 1 శాతం ఉప్పు ద్రావణానికి సమానంగా పనిచేస్తే, ఆ సముద్రపు నీటిలో లవణం సుమారు 3.3 శాతం. ప్రపంచ సముద్రాల సగటు 3.5 శాతం. వానాకాలం తర్వాత పెద్ద నదుల మంచినీరు కలిసినప్పుడు బంగాళాఖాతం తీరపు నీటి లవణీయత తగ్గుతుంది కాబట్టి, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇదే కొలత చేసి పోల్చి చూడటం మంచి చిన్న ప్రాజెక్టు అవుతుంది. ఉల్లిపాయకూ ఉల్లిపాయకూ కణరసం మారుతుంది గనుక, ప్రతిసారీ ఉప్పు ద్రావణాల వరుసను కూడా అదే ఉల్లిపాయతో మళ్ళీ చేయడం మరవవద్దు.

మూడో పని: గాఢతను అణువుల లెక్కలోకి మార్చడం

దీనికి పరికరం అక్కర్లేదు, కాగితం చాలు. 1 ఘన మైక్రోమీటరు అంటే లీటరులో పది కోట్ల కోట్లో వంతు. ఒక ఎషరీషియా కోలై కణం పరిమాణం దాదాపు అంతే. ఆ కణంలో ఏదైనా పదార్థం 1 నానోమోలార్ గాఢతలో ఉందంటే, అవగాడ్రో సంఖ్యతో గుణించి చూస్తే అక్కడ ఉన్నది సగటున ఒక్క అణువు కూడా కాదు, 0.6 మాత్రమే. 1 మైక్రోమోలార్ అయితే 600. పీహెచ్ 7 దగ్గర స్వేచ్ఛగా ఉండే హైడ్రోజన్ అయాన్లు ఆ కణం మొత్తంలో 60 మాత్రమే. ఇంత స్వల్ప సంఖ్యలో ఉన్నదాన్ని స్థిరంగా నిలపడం బఫర్ల పని అని అర్థమైతే హెండర్సన్, హాసెల్‌బాల్క్ సమీకరణం గుదిబండలా అనిపించదు. ఫాస్ఫేట్ రెండో పీకేఏ, అంటే దాని రెండో హైడ్రోజన్ సగం విడిపోయే పీహెచ్, 7.2, మీకు కావలసిన పీహెచ్ 7.4, తేడా 0.2కి ప్రతిసంవర్గమానం 1.58. అంటే నూటికి 61 పాళ్ళు డైసోడియం ఫాస్ఫేట్, 39 పాళ్ళు మోనోసోడియం ఫాస్ఫేట్ కలపాలి. బఫర్ తయారు చేసే ముందు ఈ లెక్క చేతితో ఒకసారి చేసి, తర్వాత పీహెచ్ మీటరుతో సరిచూడండి.

నాలుగో పని: ఆమైనో ఆమ్లాలను స్వభావం ప్రకారం పట్టుకోవడం

ఇరవై ఆమైనో ఆమ్లాల నిర్మాణాలను అక్షరక్రమంలో బట్టీ పట్టడం వృథా శ్రమ. ఒక పెద్ద కాగితాన్ని తీసుకుని, పీహెచ్ 7.4 దగ్గర పార్శ్వ సమూహం ఎలా ప్రవర్తిస్తుందనే దాన్నిబట్టి వాటిని విభజించండి. నీటికి దూరంగా ఉండే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, ఫినైల్‌అలనిన్ వంటివి ఒకవైపు. ఋణావేశం గల ఆస్పార్టేట్, గ్లూటమేట్ మరోవైపు. ధనావేశం గల లైసిన్, ఆర్జినిన్ వాటికెదురుగా. ఆవేశం లేకపోయినా నీటితో కలిసిపోయే సెరిన్, థ్రియోనిన్, ఆస్పరజిన్, గ్లూటమిన్ మధ్యలో. గ్లైసిన్, ప్రోలిన్, సిస్టిన్, హిస్టిడిన్ ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేకత ఉంటుంది కనుక వాటిని విడిగా, కారణంతో సహా రాయండి. ఈ కాగితం ముందుంటే, ప్రోటీన్ మడతపడేటప్పుడు ఏవి లోపలికి చేరతాయో, ఏవి బయట నీటివైపు తిరుగుతాయో మీరే ఊహించగలుగుతారు.

ఈ విభజన ఎంత బరువైనదో తెలియాలంటే దూరం వెళ్ళనక్కరలేదు. పాడేరు, అరకు ప్రాంతాల ఏజెన్సీ గ్రామాల్లో కొడవలికణ రక్తహీనత ఉన్న కుటుంబాలున్నాయి. హీమోగ్లోబిన్ బీటా గొలుసులోని 146 ఆమైనో ఆమ్లాల్లో ఆరో స్థానంలో ఉండవలసిన గ్లూటమేట్ బదులు వాలిన్ వస్తే ఈ వ్యాధి కలుగుతుంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారడం వల్ల జరిగే మార్పు ఇది. మీ కాగితం మీద గ్లూటమేట్, వాలిన్ ఎక్కడున్నాయో చూడండి: ఋణావేశం పోయి, దాని చోట నీటికి దూరమయ్యే, అతుక్కునే చోటు వచ్చింది. ఆక్సిజన్ విడిచిన హీమోగ్లోబిన్ అణువులు ఆ చోటు దగ్గర ఒకదానితో ఒకటి అతుక్కుని పొడవైన తంతువులవుతాయి, కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆవేశం మారింది గనుకనే, విద్యుత్ క్షేత్రంలో అణువులను వేరుచేసే ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఈ హీమోగ్లోబిన్ మామూలు దానికంటే నెమ్మదిగా ధన ధ్రువం వైపు కదులుతుంది. 1949లో లైనస్ పాలింగ్ బృందం దీన్ని అణువుకు సంబంధించిన వ్యాధిగా గుర్తించింది ఆ తేడాను చూసే. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ జన్యువు పొందిన వారికి తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది కాబట్టి, మలేరియా ప్రబలిన ప్రాంతాల్లో అది తరతరాలుగా నిలిచిపోయింది.

ఐదో పని: గంజి, లాలాజలంతో ఎంజైమ్ వేగం కనుక్కోవడం

ఈ ప్రయోగాన్ని ఇంటర్‌లోనే చేశామని చాలామంది దాటవేస్తారు. అక్కడ చేసినది ఉందా లేదా అని చూడటం. ఇప్పుడు చేయవలసినది వేగాన్ని కొలవడం. వార్చిన గంజి ఒక పాలుకు పది పాళ్ళ నీళ్ళు కలపండి. కుక్కరు వంటలో గంజి దొరకదు కాబట్టి హాస్టల్లో ఉన్నవారు చెంచాడు బియ్యప్పిండిని నీటిలో ఉడికించి వడకట్టుకోవచ్చు. నోరు పుక్కిలించి, కాసేపటి తర్వాత 1 మిల్లీలీటరు లాలాజలం పట్టి 9 మిల్లీలీటర్ల నీటిలో కలపండి. తెల్లటి పలక మీద వరుసగా అయోడిన్ చుక్కలు పెట్టుకుని, గంజిలో లాలాజల ద్రావణం కలిపిన క్షణం నుంచి నిమిషానికి ఒక చుక్క చొప్పున తీసి ఒక్కో అయోడిన్ చుక్కలో వేయండి. నీలం, ఊదా, ఎరుపు కలిసిన గోధుమ రంగు, చివరికి అయోడిన్ సొంత పసుపు రంగు వరుసగా వస్తాయి. పిండిపదార్థం గొలుసులు చిన్నవవుతున్న కొద్దీ అయోడిన్‌ను పట్టి ఉంచే మెలిక తగ్గిపోవడమే ఆ రంగుల మార్పుకు కారణం. నీలం పూర్తిగా పోవడానికి పట్టిన నిమిషాల విలోమాన్ని వేగంగా తీసుకోండి.

దీన్ని గది ఉష్ణోగ్రతలోనూ, మంచుముక్కల మధ్యనూ, ముందుగా మరిగించి చల్లార్చిన లాలాజలంతోనూ, లాలాజలం లేకుండా నీటితోనూ చేయండి. ఎండాకాలపు విశాఖ మధ్యాహ్నం గది వేడి శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు దగ్గరగానే ఉంటుంది గనుక ప్రత్యేకంగా వేడినీటి తొట్టి అవసరపడకపోవచ్చు, కాని థర్మామీటరు అంకె రాయకుండా మాత్రం వదలవద్దు. ఇక్కడ విద్యార్థులు తరచుగా మోసపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది, వేడిగా ఉన్న గంజిలో అయోడిన్ వేస్తే నీలం రాదు, చల్లారితే వస్తుంది. కాబట్టి మరిగించిన గొట్టాన్ని చల్లార్చకుండా పరీక్షించి పిండిపదార్థం మాయమైందని రాయడం తప్పు. రెండవది, ఆమ్ల ప్రభావం చూడటానికి నిమ్మరసం పిండటం. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్‌నే రంగు లేకుండా చేస్తుంది, అప్పుడు ఎంజైమ్ పనిచేయకపోయినా పనిచేసినట్టే కనిపిస్తుంది. నిమ్మకాయ బదులు వెనిగర్ వాడండి; అప్పుడు నీలం పోకుండా నిలబడడం చూస్తారు.

గంజి గాఢతను మారుస్తూ ఇదే కొలిచినప్పుడు వేగం మొదట నిటారుగా పెరిగి, తర్వాత ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. 1913లో మైఖేలిస్, మెంటెన్ ఇచ్చిన సమీకరణం ఈ వంపునే వర్ణిస్తుంది. సూత్రాన్ని కంఠస్థం చేసే ముందు మూడు సందర్భాలను అందులో ప్రతిక్షేపించి చూడండి: ఆధార పదార్థం చాలా తక్కువైతే వేగం దానికి అనులోమానుపాతంలో ఉంటుంది, ఆ సమీకరణంలోని కేఎమ్ అనే స్థిరాంకానికి సమానమైతే గరిష్ఠ వేగంలో సగం, చాలా ఎక్కువైతే గరిష్ఠ వేగానికి చేరువవుతుంది. ఈ మూడూ సరిపోతే సూత్రం సరిగ్గా గుర్తున్నట్టే.

ఆరో పని: శక్తి జమాఖర్చు రాయడం

కణంలో పనులకు శక్తినిచ్చే అణువైన ఏటీపీ పాఠం తెలుగు విద్యార్థికి ఒక మనవాడి పాఠం కూడా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. మాలిబ్డేట్‌తో వచ్చే ఆ నీలి రంగు పద్ధతి నేటికీ బయోకెమిస్ట్రీ ప్రయోగశాలల్లో ఫిస్క్, సుబ్బారావు పద్ధతి పేరుతోనే నడుస్తోంది. ఆ కొలతతోనే వారిద్దరూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. మంచి కొలత పద్ధతి చేతిలో ఉండబట్టి ఆ ఆవిష్కరణ సాధ్యమైంది.

సింహాచలం మెట్లు పరుగున ఎక్కేటప్పుడు మొదటి కొన్ని సెకన్లు కండరంలో ఏటీపీని తిరిగి నింపేది ఈ ఫాస్ఫోక్రియాటినే. అది తరిగిపోయాక, గ్లూకోజ్‌ను పైరువేట్‌గా విరిచే గ్లైకాలిసిస్ జోరందుకుని, ఆ పైరువేట్ లాక్టేట్‌గా మారి, ఎలక్ట్రాన్లను మోసే ఎన్ఏడీ ప్లస్‌ను మళ్ళీ అందుబాటులోకి తెస్తుంది. గ్లైకాలిసిస్ చదివేటప్పుడు పది మెట్ల పేర్లతో మొదలుపెట్టకండి. ముందు కార్బన్లు లెక్కపెట్టండి, ఆరు కార్బన్ల అణువు మూడేసి కార్బన్లున్న రెండు అణువులవుతుంది. తర్వాత ఏటీపీ ఖర్చు రెండు, రాబడి నాలుగు, మిగులు రెండు అని రాయండి. ఆపైన వెనక్కి మరలని మూడు మెట్లను, అంటే హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, పైరువేట్ కైనేజ్ పనిచేసే చోట్లను ఎర్ర సిరాతో గుర్తించండి. నియంత్రణ అంతా అక్కడే ఉంటుంది.

పాత పుస్తకాల్లో ఒక గ్లూకోజ్‌కు 36 లేదా 38 ఏటీపీ అని, కొత్తవాటిలో 30 లేదా 32 అని ఉండటం చూసి తికమకపడనవసరం లేదు. ఎలక్ట్రాన్లను మోసుకొచ్చే ఒక ఎన్ఏడీహెచ్‌కు 3 ఏటీపీ, అలాంటిదే ఎఫ్ఏడీహెచ్2కు 2 అని పూర్వం పూర్ణాంకాలు తీసుకున్నారు. ప్రోటాన్ల రాకపోకలను కొలిచాక అవి 2.5, 1.5గా మారాయి. పది ఎన్ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్ఏడీహెచ్2లకు 3, నేరుగా వచ్చే 4 కలిపితే 32. కణద్రవ్యంలోని ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు గ్లిసరాల్ ఫాస్ఫేట్ దారిలో వెళితే 30.

ఇప్పుడు మీ ఒంటి లెక్క వేయండి. రోజుకు 2,000 కిలోకేలరీలు అంటే సుమారు 8,400 కిలోజౌళ్ళు. అందులో 40 శాతం ఏటీపీగా మారిందనుకుంటే 3,360 కిలోజౌళ్ళు. కణంలోని నిజ పరిస్థితుల్లో ఒక మోల్ ఏటీపీ జలవిశ్లేషణతో సుమారు 50 కిలోజౌళ్ళు వస్తాయి కాబట్టి 67 మోళ్ళు కావాలి. ఏటీపీ అణుభారం 507 గనుక అది 34 కిలోలు. శరీరంలో ఏ క్షణంలోనైనా ఉండే ఏటీపీ మాత్రం వంద గ్రాముల లోపే. ఒక్కో అణువు రోజుకు కొన్ని వందల సార్లు ఖర్చయి, మళ్ళీ తయారవుతోందన్న మాట. నిల్వ తక్కువ, తిరుగుడు ఎక్కువ అన్న ఈ సంగతి తెలిస్తే, మైటోకాండ్రియాలోని ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అడ్డుకునే సయనైడ్ నిమిషాల్లో ఎందుకు చంపుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చివరి పని: డీఎన్ఏను బయటికి తీయడం

ఇది సులువు, త్వరగా ముగుస్తుంది. పండిన అరటిపండు సగాన్ని మెదిపి, చిటికెడు ఉప్పు, చెంచాడు గిన్నెలు తోమే ద్రవం కలిపిన అర గ్లాసు నీటిలో పది నిమిషాలు ఉంచి, పల్చటి గుడ్డతో వడకట్టి, ఆ రసం మీద బాగా చల్లబరచిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గోడ వెంబడి మెల్లగా పోయండి. సబ్బు త్వచాల్లోని లిపిడ్లను విడదీస్తుంది, ఉప్పులోని సోడియం డీఎన్ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్ల ఋణావేశాన్ని కప్పుతుంది, ఆల్కహాల్‌లో కరగలేని డీఎన్ఏ రెండు ద్రవాల మధ్య తెల్లటి పోగుల్లా తేలుతుంది. ఆల్కహాల్ మంటకు అంటుకునేది కాబట్టి స్టవ్వు దగ్గర ఈ పని చేయవద్దు. ఈ మెట్టుకు తగిన లెక్క ఒకటుంది: మానవ కణంలోని సుమారు 640 కోట్ల క్షార జతలను, జతకు 0.34 నానోమీటర్లతో గుణిస్తే 2 మీటర్లు దాటుతుంది, అదంతా కొద్ది మైక్రోమీటర్ల కేంద్రకంలో ఇమిడి ఉంటుంది.

పుల్లకు చుట్టుకుని పైకి వచ్చిన ఆ పోగులన్నీ డీఎన్ఏయే అని రికార్డులో రాయకండి. వాటిలో ఆర్ఎన్ఏ, ప్రోటీన్, ముఖ్యంగా పండులోని పెక్టిన్ కలిసి ఉంటాయి. మీ విభాగంలో అతినీలలోహిత స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే, ల్యాబ్ అసిస్టెంట్ అనుమతితో కొద్దిగా పోగును బఫర్‌లో కరిగించి, 260 నానోమీటర్ల దగ్గర శోషణను 280 దగ్గరి శోషణతో భాగించి చూడండి. శుద్ధమైన డీఎన్ఏకు ఆ నిష్పత్తి 1.8 దరిదాపుల్లో ఉంటుంది. అంతకన్నా బాగా తక్కువ వస్తే ప్రోటీన్ మిగిలి ఉందని అనుమానించి, వడకట్టిన రసానికి కొద్దిగా బొప్పాయి పాలు కలిపి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాతే ఆల్కహాల్ పోస్తూ ఇంకొకసారి చేసి చూడండి; బొప్పాయి పాలలోని పాపైన్ ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్. రెండుసార్లు వచ్చిన నిష్పత్తులనూ పక్కపక్కనే రాయండి.